క్రోన్స్ ఉన్న పిల్లలకు పేగు సన్నబడితే: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రోన్స్ అంటే పేగుల్లో వాపు, పుండ్లు తెచ్చే దీర్ఘకాలిక జబ్బు. పిల్లల స్కాన్ రిపోర్టులో ‘స్ట్రిక్చర్’ (పేగు ఒకచోట సన్నబడి ఇరుకవడం) అన్న మాట చూడగానే అమ్మానాన్నలకు ముందు గుర్తొచ్చేది ఆపరేషనే. నిజానికి అందరికీ ఆపరేషన్ అవసరం పడదు. అలాగని అవసరమైనవాళ్లకు నెలల తరబడి వాయిదా వేయడమూ మంచిది కాదు, ఎందుకంటే ఈలోగా పిల్లల ఎదుగుదల ఆగిపోతుంది. ఏ చికిత్స ఎవరికి, ఎందుకు అన్నది కొంచెం తెలిసి ఉంటే డాక్టరుతో మాట్లాడటం తేలికవుతుంది. ఇక్కడ రాసినవన్నీ సాధారణ వివరాలు. మీ బాబుకో పాపకో ఏది సరిపోతుందో చెప్పాల్సింది వాళ్లను చూస్తున్న డాక్టరే.

ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి?

ఆకుపచ్చ రంగులో వాంతులు అవుతున్నా, పొట్ట ఉబ్బి గట్టిగా తగులుతున్నా, మలంతో పాటు గ్యాస్ కూడా పోవడం ఆగిపోయినా, వచ్చి పోయే మెలిక నొప్పి కాస్తా ఆగకుండా ఉండే నొప్పిగా మారినా ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి. పొట్ట నొప్పితో పాటు జ్వరం ఉంటే ఇంకా తొందరపడాలి, లోపల చీము పట్టి ఉండవచ్చు. దారిలో ఏమీ తినిపించకండి. విరేచనాల మందు, ఎనిమా ఇంట్లో సొంతంగా ఇవ్వకండి. పేగు మూసుకుపోయి ఉంటే అవి ప్రమాదం తెచ్చిపెడతాయి.

ఆసుపత్రిలో మొదట చేసేవి: నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా సెలైన్ పెట్టడం, ముక్కులోంచి గొట్టం వేసి పొట్టలో పేరుకున్నదంతా బయటికి తీయడం, రక్తంలో లవణాలు సరిచేయడం. వాపు ఎక్కువగా ఉంటే నరం ద్వారా స్టెరాయిడ్ ఇస్తారు. సర్జన్‌ని మొదటి రోజే పిలుస్తారు. ఆయన రాగానే ఆపరేషన్ ఖాయమని కంగారు పడకండి. అడ్డంకి చాలాసార్లు మందులతోనే తగ్గుతుంది. తగ్గకపోతే సిద్ధంగా ఉండాలనే ఆయన్ని ముందుగా పిలుస్తారు.

అసలు పేగు ఎందుకు సన్నబడుతుంది?

క్రోన్స్‌లో వాపు పేగు లోపొరతో ఆగదు, గోడ మందమంతా పాకుతుంది. వాపు వచ్చి, తగ్గి, మళ్లీ వస్తూ ఉంటే గోడలో పీచులాంటి గట్టి కణజాలం పేరుకుంటుంది. కాలిన చోట చర్మం మానాక ముడుచుకుని బిగుసుకుపోయినట్టే అక్కడి పేగు కూడా బిగుసుకుపోతుంది. చిన్నపేగు చివరి భాగం, అది పెద్దపేగుతో కలిసే చోటు, ఈ జబ్బుకు ఎక్కువగా గురయ్యే ప్రాంతం. అందుకే నొప్పి సాధారణంగా బొడ్డు చుట్టూ, లేదా కుడివైపు కింద వస్తుంది.

పిల్లలు నొప్పి గురించి చెప్పకుండా తిండి తగ్గించేస్తారు. తిన్న గంటకో రెండు గంటలకో నొప్పి వస్తుందని వాళ్లకు అర్థమైపోయి, అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలతో లేచిపోతారు. ‘తిండి మీద ధ్యాస లేదు’ అని వాళ్లను కోప్పడే ముందు ఒకసారి బరువు చూడండి.

ఇది వాపా, గట్టిపడిన మచ్చా? ఎలా తెలుస్తుంది?

చికిత్స అంతా ఆధారపడేది ఈ ప్రశ్న మీదే. వాపు వల్ల సన్నబడితే మందులతో తెరుచుకునే అవకాశం బాగా ఉంటుంది. మచ్చ కణజాలాన్ని కరిగించే మందు ఇప్పటికైతే లేదు. చిక్కేమిటంటే చాలామంది పిల్లల్లో రెండూ కలిసే ఉంటాయి. కాబట్టి ‘ఏది?’ అనే కంటే ‘ఏది ఎక్కువ?’ అని అడగడం మేలు.

రక్తంలో సీఆర్‌పీ, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ ఎక్కువగా ఉంటే వాపు చురుగ్గా ఉన్నట్టు. అయితే అవి ఎక్కువగా ఉన్నంత మాత్రాన మచ్చ లేదని కాదు. బొమ్మ చూపించే పరీక్షల్లో మేలైనది ఎమ్మార్ ఎంటరోగ్రఫీ, అంటే పేగులకు చేసే ఎమ్మార్ఐ స్కాన్. ఎంత పొడవున సన్నబడింది, ఎన్ని చోట్ల, పక్కన చీము గానీ ఫిస్టులా (పేగు గోడ నుంచి పక్క భాగానికి పడే అసహజమైన దారి) గానీ ఉన్నాయా, ఇరుకుకు పైన పేగు ఉబ్బిందా అన్నవన్నీ అందులో కనిపిస్తాయి. ఇరుకుకు పైన పేగు బాగా ఉబ్బి ఉంటే అడ్డంకి కొంతకాలంగా ఉన్నట్టే, మందులతో పూర్తిగా తగ్గే అవకాశం తక్కువ. ఎమ్మార్ఐలో రేడియేషన్ ఉండదు. జీవితాంతం స్కాన్‌లు అవసరమయ్యే పిల్లలకు ఇది పెద్ద విషయం. అత్యవసరంలో సీటీ తీయక తప్పదు గానీ, ప్రతిసారీ సీటీయే రాస్తుంటే ‘ఎమ్మార్ గానీ అల్ట్రాసౌండ్ గానీ సరిపోదా?’ అని అడగండి. పేగుల అల్ట్రాసౌండ్‌లో అనుభవం ఉన్న డాక్టరుంటే చికిత్స పనిచేస్తోందో లేదో దానితోనే మళ్లీ మళ్లీ చూడవచ్చు.

కొలనోస్కోపీలో, అంటే మలద్వారం నుంచి కెమెరా గొట్టం పంపి చూసేటప్పుడు, పేగు ముక్క తీసి పరీక్షిస్తారు (బయాప్సీ). కెమెరా మాత్ర మింగించే పరీక్ష మాత్రం ఇరుకు ఉందని తెలిసిన పిల్లలకు చేయకూడదు, ఆ మాత్ర అక్కడే ఇరుక్కుపోవచ్చు.

మాకు ముందు టీబీ అన్నారు, ఇప్పుడు క్రోన్స్ అంటున్నారు. ఎవర్ని నమ్మాలి?

మన దేశంలో ఈ అయోమయం చాలా ఇళ్లలో జరిగేదే. డాక్టర్లు కావాలని మాట మార్చడం లేదు. పేగు టీబీ కూడా సరిగ్గా అదే చోట, చిన్నపేగు చివర, పుండ్లు చేసి పేగును ఇరుకు చేస్తుంది. కొలనోస్కోపీలో, స్కాన్‌లో, ఒక్కోసారి బయాప్సీలో కూడా రెండూ ఒకేలా కనిపిస్తాయి. టీబీ క్రిమి జన్యువును వెతికే జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్షలో టీబీ దొరికితే సందేహం తీరినట్టే. దొరకకపోతే టీబీ లేదని మాత్రం చెప్పలేం.

తేలనప్పుడు టీబీ మందులు మొదలుపెట్టి, సుమారు రెండు నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేసి చూడటం ఇక్కడి పద్ధతి. అప్పుడు చూడాల్సింది పుండ్లు మానాయా లేదా అని. టీబీ నయమైనా ఇరుకు అలాగే మిగిలిపోవచ్చు కాబట్టి ఇరుకును చూసి తీర్పు చెప్పకూడదు. పుండ్లు మానకపోతే రోగనిర్ధారణను మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి. ఆ రెండో కొలనోస్కోపీని దయచేసి దాటవేయకండి. ఆకలి కొంచెం పెరిగిందని, జ్వరం తగ్గిందని ఆగిపోయి నెలల తరబడి టీబీ మందులే మింగిస్తే, అసలు జబ్బు క్రోన్స్ అయితే ఈలోగా పేగు గట్టిపడిపోతుంది. ఈ ఆలస్యం వల్ల నష్టం జరుగుతోందని మన దేశపు అధ్యయనాలే చూపించాయి.

ఇంకో మాట. ఆరేళ్ల లోపే జబ్బు మొదలైతే, ముఖ్యంగా మేనరికం పెళ్లిళ్లు ఉన్న కుటుంబాల్లో, ఒకే జన్యువులోని లోపం వల్ల ఇలాంటి పేగు వాపు రావచ్చు. అలాంటి పిల్లల్లో చికిత్స దారే వేరు కాబట్టి జన్యు పరీక్ష గురించి అడగండి.

మందులతో ఎంతవరకు తగ్గుతుంది?

స్టెరాయిడ్లు వాపును త్వరగా దించుతాయి. వాటి పని అక్కడితో సరి. పేగు సన్నబడకుండా అవి ఆపలేవు, పైగా ఎక్కువ కాలం వాడితే ఎముకలు బలహీనపడి ఎత్తు పెరగడం కుంటుపడుతుంది. నొప్పి వచ్చినప్పుడల్లా ఒక కోర్సు, తగ్గాక ఆపడం, మళ్లీ ఇంకో కోర్సు: ఈ వరుసలో ఏడాది గడిచిపోతుంటే చికిత్స జరగడం లేదని నా నిశ్చితాభిప్రాయం. అక్కడ ఆగి వేరే దారి అడగాలి.

ఇరుకు ఉన్న పిల్లలకు ఎక్కువగా ఎంచుకునేవి ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్. వాపును పెంచే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే మందులివి. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు అమెరికాలో ఆరేళ్లు దాటిన పిల్లల క్రోన్స్‌కి 2006లోనే అనుమతి వచ్చింది. సెలైన్‌లో కలిపి మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం, ఆ తర్వాత ఎనిమిది వారాలకోసారి ఎక్కిస్తారు. పిల్లల్లో మందు త్వరగా ఖర్చయిపోతుంటుంది కాబట్టి మోతాదు పెంచడం, వ్యవధి తగ్గించడం మామూలే. రక్తంలో మందు ఎంత మిగిలిందో కొలిచే పరీక్ష ఉంది. ‘మందు పనిచేయడం లేదు’ అని మార్చే ముందు ఆ పరీక్ష చేయించడం మంచిది.

చిన్నపేగులో ఇరుకు ఉన్న పెద్దవాళ్లకు అడాలిముమాబ్ ఇచ్చి ఫ్రాన్స్, బెల్జియం దేశాల్లో 97 మంది మీద అధ్యయనం చేశారు, ఫలితాలు 2018లో వచ్చాయి. ఆరు నెలలకు సుమారు మూడింట రెండొంతుల మంది బాగున్నారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే దాదాపు సగం మందికి ఆపరేషన్ అవసరం పడలేదు. ఇంకోవైపు, ఉత్తర అమెరికాలో 913 మంది పిల్లల్ని గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ రకం మందులు తొందరగా మొదలుపెడితే పేగుకు చిల్లు పడటం, ఫిస్టులా ఏర్పడటం తగ్గాయి గానీ ఇరుకుదల మాత్రం తగ్గలేదు. ఈ రెండూ కలిపి చదివితే అసలు సంగతి బోధపడుతుంది: ఉన్న వాపును మందు తగ్గించగలదు, అప్పటికే మొదలైన మచ్చను ఆపుతుందని మాత్రం భరోసా లేదు.

మొదలుపెట్టే ముందు టీబీ దాగి ఉందేమో తప్పక చూడాలి. ఛాతీ ఎక్స్‌రే, చర్మం మీద చేసే మాంటూ లేదా రక్తంతో చేసే ఇగ్రా పరీక్ష చేస్తారు. దాగిన టీబీని ఈ మందులు నిద్రలేపుతాయి. హెపటైటిస్-బి పరీక్ష, మిగిలిపోయిన టీకాలు కూడా అప్పుడే చూసుకోవాలి. మీజిల్స్, చికెన్‌పాక్స్ లాంటి సజీవ టీకాలు ఈ మందులు వాడుతుండగా వేయకూడదు.

అజాథయోప్రిన్ (రోగనిరోధక వ్యవస్థను అణచే మాత్ర) రాస్తే మొదట ఎన్‌యూడీటీ15 (NUDT15) జన్యు పరీక్ష గురించి అడగండి. మన వాళ్లలో కొందరికి ఈ జన్యువు తేడా వల్ల తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. మొదటి వారాల్లో రక్త పరీక్షలు మానకూడదు.

ఆరు వారాలు పాలలాంటి ఫార్ములా మాత్రమే ఇవ్వమన్నారు. అన్నం లేకుండా పిల్లలు ఎలా ఉంటారు?

మొదటి వారం కష్టం, ఆ మాట దాచడం ఎందుకు? అయినా దీన్ని నేను గట్టిగా సమర్థిస్తాను. పూర్తి పోషకాలున్న ద్రవాహారం తప్ప ఇంకేమీ ఇవ్వకుండా 6 నుంచి 8 వారాలు ఉంచితే, పేగులో క్రోన్స్ వాపు చాలామంది పిల్లల్లో స్టెరాయిడ్ అంత బాగా తగ్గుతుంది. స్టెరాయిడ్ తెచ్చే నష్టాలు ఉండవు, బరువు పెరుగుతుంది, ద్రవం కాబట్టి ఇరుకులోంచి దిగిపోతుంది. ఆపరేషన్‌కు ముందు బలం రావడానికి కూడా ఇదే దారి. మచ్చను ఇది తీసేయలేదు, అది గుర్తుంచుకోవాలి.

తాగలేకపోతే ముక్కులోంచి సన్న గొట్టం వేసి రాత్రిపూట ఎక్కించవచ్చు. చల్లగా ఇస్తే వాసన తక్కువ తెలుస్తుంది. ఇంట్లో అందరూ ఒకచోట కూర్చుని భోంచేసే వేళ పిల్లవాడికి వేరే పని కల్పించండి. పండగొచ్చిందని బొబ్బట్టు ముక్క పెట్టే నానమ్మకు ముందే నచ్చజెప్పాలి. డబ్బా కొనేటప్పుడు డైటీషియన్ రాసిన రకమే తీసుకోండి. టీవీలో చూపించే పొడులన్నీ ఒక్కదానితోనే బతకడానికి సరిపోయేవి కావు.

బెలూన్‌తో సాగదీయడం అంటే ఏమిటి?

కొలనోస్కోప్ లోంచి చిన్న బెలూన్‌ను ఇరుకు దాకా పంపి, నెమ్మదిగా ఉబ్బించి పేగును వెడల్పు చేస్తారు. పిల్లలకు మత్తు ఇచ్చే చేస్తారు. ఇరుకు పొట్టిగా, 4–5 సెంటీమీటర్ల లోపు, వంకర లేకుండా, స్కోప్ అందే చోట ఉండాలి. పక్కన చీము గానీ ఫిస్టులా గానీ ఉంటే చేయకూడదు. ఆపరేషన్ చేసి కలిపిన చోట మళ్లీ సన్నబడితే ఇది బాగా పనికొస్తుంది.

పెద్దవాళ్ల అధ్యయనాలను కలిపి చూస్తే నూటికి రెండు మూడు సార్లు పేగుకు చిల్లు పడటం, రక్తం పోవడం లాంటివి జరిగాయి. అందుకే పిల్లల సర్జన్ అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే చేయించాలి. ఒకసారితో తీరిపోకపోవచ్చు, ఏడాది రెండేళ్లలో మళ్లీ అవసరం పడటం మామూలే. సాగదీశాక అక్కడే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే పిల్లల్లో మేలు జరిగిందని ఒక చిన్న అధ్యయనం చెప్పింది. పెద్దవాళ్లలో అలా తేలలేదు కాబట్టి అందరూ వాడరు.

ఆపరేషన్ ఎప్పుడు తప్పదు? పేగంతా తీసేస్తారా?

మందులిచ్చినా అడ్డంకి మళ్లీ మళ్లీ వస్తున్నప్పుడు, ఇరుకు పైన పేగు ఉబ్బిపోయినప్పుడు, చీము లేదా ఫిస్టులా ఉన్నప్పుడు, పిల్లవాడు పెరగడం ఆగిపోయినప్పుడు.

ఈ చివరి కారణం గురించి ఆగి చెప్పాలి. పెద్దవాళ్లకు ఆపరేషన్ ఆరు నెలలు ఆలస్యమైతే ఆ ఆరు నెలలు నొప్పితో గడుస్తాయి. పదకొండు పన్నెండేళ్ల పిల్లలకు ఆ ఆరు నెలలు ఎత్తు పెరగాల్సిన కాలం. యుక్తవయసు దాటి ఎముకల చివర్లు మూసుకుపోయాక ఏ మందూ ఆ ఎత్తును తిరిగి ఇవ్వదు. జబ్బు ఒక్కచోటే ఉండి మందులకు లొంగకపోతే, యుక్తవయసుకు ముందే ఆ భాగం తీసేస్తే పిల్లలు మళ్లీ పెరగడం మొదలుపెడతారు. ఆపరేషన్‌ను ‘అన్నీ విఫలమయ్యాక చివరికి’ అని చూసే పద్ధతి పిల్లల విషయంలో మారాలి. ప్రతి విజిట్‌లో ఎత్తు, బరువు గ్రాఫ్ మీద గుర్తించమని అడగండి. గీత పడుకుంటోందంటే నొప్పి లేకపోయినా జబ్బు లోపల నడుస్తున్నట్టే.

పేగంతా తీయరు. సన్నబడిన భాగం మాత్రమే తీసి, రెండు కొసలను కలుపుతారు. అనుభవం ఉన్న చోట లాపరోస్కోపీతో చిన్న గాట్లతోనే అవుతుంది. అంచుల్లో కొంచెం వాపు కనిపించినా ఇంకా ఇంకా కోసుకుంటూ పోరు. జీవితకాలంలో మళ్లీ ఆపరేషన్ పడవచ్చు కాబట్టి ప్రతి సెంటీమీటరూ విలువైనదే.

చాలాచోట్ల ఇరుకు ఉంటే అసలు పేగు తీయకుండా విప్పే పద్ధతి ఉంది, దాని పేరు స్ట్రిక్చరోప్లాస్టీ. ఇరుకు ఉన్న చోట పొడవుగా కోసి అడ్డంగా కుడతారు, దాంతో అక్కడ వెడల్పు పెరుగుతుంది. పది సెంటీమీటర్ల లోపు ఇరుకుకు మామూలు రకం సరిపోతుంది, పొడవు ఎక్కువైతే వేరే రకాలున్నాయి. పేగు ఇరుకుకు ఈ పద్ధతిని మొదట వాడి చూపింది మన దేశంలోనే. చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థలో కటారియా అనే సర్జన్ బృందం టీబీ వల్ల వచ్చిన ఇరుకులకు చేసి 1977లో బ్రిటిష్ సర్జరీ పత్రికలో ప్రచురించింది. ఆ తర్వాత 1980ల మొదట్లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇమాన్యుయేల్ లీ అనే సర్జన్ దాన్ని క్రోన్స్‌కు వాడారు. ప్రపంచమంతా ఎందరో రోగుల పేగును కాపాడిన పద్ధతి టీబీ వార్డుల అవసరంలోంచి పుట్టింది. ఇది మన వైద్య విద్యార్థులందరికీ తెలియాల్సిన సంగతి.

మలం బయటికి రావడానికి పొట్ట మీద సంచి పెడతారా?

చాలామందికి అవసరం పడదు. బాగా నీరసించిపోయి ఉన్నా, లోపల చీము ఉన్నా, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ మీద ఉన్నా, కుట్టు మానదన్న అనుమానంతో కొన్ని నెలలు తాత్కాలికంగా పెట్టి తర్వాత మూసేస్తారు. అందుకే ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు పోషణ పెంచి, స్టెరాయిడ్ తగ్గించే ప్రయత్నం చేస్తారు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఇక మందులు ఆపేయవచ్చా?

ఆపకూడదు. ఆపరేషన్ ఇరుకును తీసేస్తుంది, జబ్బును తీయలేదు. సాధారణంగా కలిపిన చోటే మళ్లీ పుండ్లు మొదలవుతాయి, పిల్లవాడికి ఏ బాధా తెలియకముందే. అందుకే 6 నుంచి 12 నెలల్లో కొలనోస్కోపీ చేసి చూస్తారు, మధ్యలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షిస్తారు. చిన్నపేగు చివరి భాగం తీశారు కాబట్టి బి12 స్థాయిని ఏటా చూడాలి, తగ్గితే ఇంజెక్షన్లు ఇస్తారు. కొందరికి పిత్త లవణాల వల్ల నీళ్ల విరేచనాలవుతాయి. అది జబ్బు తిరగబెట్టడం కాదు, దానికి వేరే పొడి మందు ఉంది.

ఏం పెట్టాలి? ఏం పెట్టకూడదు?

ఇరుకు ఉన్నంత కాలం పీచు, తొక్క, గింజ, నార ఉన్నవి ఇరుక్కుంటాయి. మునగకాడ, గోరుచిక్కుడు, తోటకూర కాడలు, పనసతొనలు, జామకాయ గింజలు, మొక్కజొన్న, చెరుకు, పచ్చికొబ్బరి, పల్లీ చిక్కీ పక్కన పెట్టండి. బత్తాయి, కమలా రసం వడకట్టి ఇవ్వవచ్చు, తొనలు వద్దు. మెత్తటి అన్నం, పెసరపప్పు కట్టు, ఇడ్లీ, పెరుగు, తొక్క తీసి బాగా ఉడికించిన సొరకాయ, బీరకాయ, బంగాళాదుంప, గుడ్డు, ముల్లు తీసిన చేప, మెత్తగా ఉడికిన కోడిమాంసం, పండిన అరటిపండు పెట్టవచ్చు. ఒకేసారి ఎక్కువ కాకుండా కొంచెం కొంచెంగా ఐదారు సార్లు.

ఇరుకు తొలగిపోయాక ఈ నిషేధాలు అలాగే కొనసాగించకండి. కూరలు, పండ్లు నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. భయంతో తిండి కుదించేసిన పిల్లలు జబ్బు తగ్గినా బక్కచిక్కే ఉంటారు.

కడుపునొప్పికి మెడికల్ షాపులో దొరికే మాత్ర వేయవచ్చా?

మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఉన్నవి వద్దు. ఇవి క్రోన్స్‌ను రెచ్చగొట్టవచ్చు. జ్వరానికి, ఒళ్లునొప్పులకు డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వేయండి. మెలిక నొప్పి పెరుగుతుంటే మాత్రతో అణచకుండా చూపించాలి. నాటుమందు వాడాలనుకుంటే డాక్టరుకు చెప్పి వాడండి గానీ, దాని కోసం ఉన్న మందు మాత్రం ఆపకండి.

ఖర్చు ఎలా భరించాలి?

ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ రెండింటికీ మన దేశంలో బయోసిమిలర్లు (అసలు మందుకు దాదాపు సమానంగా వేరే కంపెనీలు చేసేవి) దొరుకుతున్నాయి, అసలు బ్రాండ్ కంటే తక్కువ ధర. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకు తక్కువ వయల్స్ సరిపోతాయి. తెలంగాణ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీకు రాసిన ఆపరేషన్ లేదా ఇంజెక్షన్ వస్తుందో లేదో అడ్మిషన్‌కు ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. డబ్బు సర్దుబాటు కాక డోసు ఆలస్యమయ్యేలా ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి, మొహమాటపడకండి. మధ్యలో ఆపి చాలా కాలం తర్వాత మళ్లీ మొదలుపెడితే శరీరం ఆ మందుకు ఎదురు తిరిగి అలర్జీ రావచ్చు.

బడిలో ఏం చెప్పాలి?

క్లాస్ టీచరుకు చెప్పాలి. అడిగిన వెంటనే బాత్రూంకు పంపాలని, ఇది అంటుకునే జబ్బు కాదని, ఇన్‌ఫ్యూజన్ (సెలైన్‌లో మందు ఎక్కించే) రోజుల్లో సెలవు ఉంటుందని చెబితే చాలు.

ఇంకో డాక్టరు అభిప్రాయం కోసం వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

స్కాన్ రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, బొమ్మలున్న సీడీ కావాలి. బయాప్సీ చేసిన ల్యాబ్ నుంచి స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో భద్రపరిచినవి) అడిగి తీసుకోండి, అవి మీవే. ఇప్పటిదాకా వాడిన మందులు, తేదీలు, మోతాదులు ఒక కాగితం మీద, ఎత్తు బరువు పాత నుంచి కొత్తకు ఇంకో కాగితం మీద రాసుకోండి. వీలైతే పిల్లల గ్యాస్ట్రో డాక్టరు, పిల్లల సర్జన్ ఇద్దరూ ఒకేచోట ఉండే ఆసుపత్రికి వెళ్లి, ఇద్దరూ కలిసి స్కాన్ చూడమని అడగండి. పదేళ్లు దాటిన పిల్లలైతే వాళ్లను బయట కూర్చోబెట్టకండి, గదిలోకి తీసుకెళ్లి వాళ్ల ప్రశ్నలు వాళ్లనే అడగనివ్వండి.